ఇనుము కనపడని నక్షత్రం

ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరానికి వాయవ్యంగా వారంబంగుల్ కొండలున్నాయి. ఏనాడో చల్లారిపోయిన అగ్నిపర్వతపు శిథిలాలే ఇవి. దగ్గరలో పెద్ద నగరాలు లేవు. చీకటి పడ్డాక మీరు ఇక్కడ నిలబడి తల ఎత్తితే, పాలపుంత నిజంగా పాలు ఒలికినట్టే ఉంటుంది. అందుకే ఇక్కడ సైడింగ్ స్ప్రింగ్ వేధశాల వెలిసింది.

2014లో శాస్త్రజ్ఞులు ఒక వింత నక్షత్రాన్ని గురించి ప్రకటించారు. దానిని మొదట పట్టుకున్నది ఇక్కడి స్కైమాపర్ దూరదర్శినే. అది మనకు సుమారు 6,000 కాంతి సంవత్సరాల దూరాన ఉన్నది. తరువాత చిలీ దేశంలోని పెద్ద దూరదర్శినితో దాని వెలుగును రంగులుగా విడదీసి చూశారు. నక్షత్రంలో ఉన్న ప్రతి మూలకమూ ఆ రంగులలో తన నల్లగీతలు గీస్తుంది. కర్బనం గుర్తులు కనిపించాయి. ఇనుము గీత ఒక్కటీ లేదు!

ఎందుచేత? సృష్టి మొదట్లో ఉన్నవి దాదాపుగా హైడ్రోజన్, హీలియం వాయువులే. వాటితో పుట్టిన తొలి నక్షత్రాలు తమ కడుపులో కర్బనం, ప్రాణవాయువు, ఇనుము వండి, పేలిపోతూ చుట్టూ వెదజల్లాయి. ఈ నక్షత్రం అటువంటి ఒకే ఒక్క నక్షత్రపు బూడిద కలిసిన మబ్బులో పుట్టిందని శాస్త్రజ్ఞుల ఊహ. ఆ తల్లి నక్షత్రం పేలుడు బలహీనమైనది. అందుచేత కర్బనం బయటపడింది గాని, ఇనుము కృష్ణబిలంలో పడిపోయింది.

ఎన్నో తరాల నక్షత్రాలు పేలితేగాని పాలపుంతలో ఇనుము పోగుపడలేదు. ఆ తరువాతనే సూర్యుడూ, భూమీ పుట్టాయి. మీ ఇంటి కత్తిపీటలో ఉన్నదీ, మీ నెత్తుటిలో ఉన్నదీ ఆ ఇనుమే.