చేతిలోని రచ్చబండ

నీకు మిత్రు లెందరని నేటి బాలు నడిగినచో, ఆలోచింపకయే యొక యంకె చెప్పును. ఆ యంకెను వాని ఫోను ముందే లెక్కించి పెట్టియుండును. 2004వ సంవత్సరమున అమెరికా దేశమందు పుట్టిన ఫేస్‌బుక్ ఒక్కొక్కరికి 5000 మంది వరకు మిత్రుల ననుమతించుచున్నది. రాబిన్ డన్‌బార్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడో, మానవుడు నిలకడగా నెరపగల సంబంధములు సుమారు 150 మాత్రమే యని 1992వ సంవత్సరమున ప్రతిపాదించెను. ఈ లెక్కపై పండితులలో వాదములు కలవు. 150 మందికైనను కష్టసుఖము లడుగగల యోపిక నాకు లేదని నే నెరుగుదును. అయినను నన్ను కలవరపెట్టునది సంఖ్య గాదు, విడిచిపోవుటలోని సౌలభ్యము.

మా తాతగారి గ్రామము కృష్ణా డెల్టాలో కాలువ చివరి భూములలో నున్నది. నాట్ల కాలమున నీరు వంతుల ప్రకారము వచ్చెడిది. పై చేనివాడు తన మడవ కట్టిననే గాని క్రింది చేనికి నీరు దిగదు. ఆ యిరువురకు మాటలు లేకపోయినను, నడిరాత్రి లాంతరు పట్టుకొని, పార భుజమున వేసికొని, యొకే గట్టుమీద నిలువవలసినదే. కోపము వచ్చినదని యెవడును కాలువను విడిచి పోజాలడు. అట్లు నిలిచి నిలిచి, ఏ చుట్టకు నిప్పు కావలసియో ఒకనాడు పలుకరించుకొనెడివారు. ఆ కాలమును నేను పొగడుట లేదు. ఊరి రచ్చబండపై కూర్చుండు నర్హత అందరికిని లేకుండెను. వెలుపలి పేటలవారు దూరముననే నిలువవలసి వచ్చెడిది.

వాట్సాప్ 2009వ సంవత్సరమున పుట్టినను, మన ప్రాంతమున ఇంటింటికిని ప్రాకినది 2016 పిమ్మట, ఇంటర్నెట్ చౌక యైన తరువాతనే. అప్పుడే మా పదవ తరగతివారము 63 మందిమి ఒక గ్రూపుగా చేరితిమి. అందొకడు మస్కట్టులో, ఒకడు డల్లాసులో, మరియొకడు తెనాలిలో నుండెను. ఇరువదేండ్లుగా వినని కంఠములు వినబడినపుడు నా కన్నులు చెమ్మగిల్లిన మాట దాచనేల? 2021 మే మాసమున మాలో నొకని తండ్రికి ఊపిరి యాడకుండగా, మస్కట్టు నుండి సొమ్మును, తెనాలి నుండి మనిషియు కదలి, సాయంకాలమునకు ఆక్సిజను యంత్రమును ఆ యింట చేర్చిరి. ఏ రచ్చబండ యింత త్వరగా పనిచేసినది?

కాని యంతకు రెండేండ్ల ముందు, 2019 ఎన్నికల వేళ, మాలో నిద్దరు ఆ గ్రూపులోనే మాటామాటా పెంచుకొనిరి. ఒకడు వ్రేలితో నొక్కి వెడలిపోయెను. వాడు పోయెనని యొక సన్నని వరుస కనబడెను, దానిపై నింకొకడు మామిడికాయల బొమ్మ పెట్టెను, అంతటితో సరి. 2022 నుండి ఆ వరుసయు అందరికిని కనబడదు, నిర్వాహకులకు మాత్రమే తెలియును. పోవువానికిది మర్యాదయే కావచ్చును. ఉన్నవారికి మాత్రము ఎవడు లేడో తెలియకుండ పోయినది. ఆ యిద్దరి యిండ్లును ఒకే పట్టణమున మూడు వీధుల యెడములో నున్నవి. నడుమ కాలువ లేదు, వంతు లేదు. ఐదేండ్లు పలుకులు లేకయే గడచెను.

వెడలిపోయినవాని తల్లి గత వేసవిలో మరణించెను. ఆమె మా కెందరికో అన్నము పెట్టినది. మరణవార్త మాకు మూడవనాడు పాలవానివలన తెలిసెను. ఆ సాయంకాలము గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు నలుబది దాక వచ్చెను. ఎవనికై యవి వచ్చెనో వాడు వానిని చూడజాలడు! పట్టణమున నున్న మేము నలుగురము బయలుదేరితిమి. వీధి మలుపున ఆ రెండవవాడు, ఎవరును పిలువకయే, చెప్పులు తొడుగుకొని మావెంట వచ్చెను. లోపల గోడప్రక్కన కూర్చుండి యొక్క మాటయు నాడడాయెను. ఇంటివాడు అందరికిని మంచినీళ్లిచ్చుచు వానికిని ఒక గ్లాసిచ్చెను. వాడు త్రాగెను.

పెద్దకర్మనాడు పందిరి, వంటపాత్రలు, విస్తళ్ల భారమంతయు గోడప్రక్కన కూర్చుండినవాడే వహించెను. ఎన్నికల ప్రస్తావన యెవరును తేలేదు. ఇంటివాడు మా గ్రూపులో మరల చేరలేదు. చేరుమని మేమును అడుగలేదు. ఇప్పుడు వాని సంగతు లేమైన తెలియవలసినచో, మూడు వీధులు నడచి ఆ రెండవవాడే పోయి కనుగొని వచ్చుచున్నాడు.