తరగతి గదిలో పంచనామా

హైస్కూలు, ఇంటర్ పిల్లలకు కథ రాయడం నేర్పే పద్ధతుల్లో ఉత్తుత్తి నేర పరిశోధన ఒకటి. ఉపాధ్యాయులు ఒక గదిని నేరస్థలంలా అమరుస్తారు. పిల్లలు ఆధారాలు వెతికి, సాక్షులను ప్రశ్నించి, తేలిన సంగతిని కథగా రాస్తారు. హత్యే జరగనక్కర్లేదు. లైబ్రరీలోంచి ఆటల కప్పు మాయమైతే చాలు. నిజానికి ఈ వయసువాళ్లకు దొంగతనమే మేలు. రక్తం కనబడగానే కథ సినిమా దారి పడుతుంది, మనుషులు మరుగున పడిపోతారు.

మొదటి పని పంచనామా. కుర్చీ పక్కకు పడి ఉంది. బల్ల మీది గ్లాసులో సగం టీ, పైన మీగడ కట్టింది. కిటికీ కింద ఒకటే చెప్పు, మడమకు ఎర్రమట్టి. కంటికి కనిపించిందే రాయాలి. ‘దొంగ భయపడి పారిపోయాడు’ అని ఎవరైనా రాస్తే కొట్టేయాలి, అది చూసింది కాదు గనుక. కొత్తగా రాసేవాళ్లకు ‘ఎంతో బాధపడింది’, ‘చాలా అందంగా ఉంది’ లాంటి మాటలు ఇట్టే వచ్చేస్తాయి. ఒంటి చెప్పు గురించి రాసేటప్పుడు వాటికి చోటుండదు. ఈ పద్ధతి వల్ల జరిగే అతి పెద్ద మేలు ఇదే.

ఇలా చూడడం పోలీసులకైనా నేర్పాల్సిందే. అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ 1940లలో ఇందుకోసమే నేరస్థలాల బొమ్మరిళ్లు తయారుచేశారు. అడుగును అంగుళానికి కుదించిన గదులవి. వాటిలోని బొమ్మలకు ఆమె గుండుసూదులతో మేజోళ్లు అల్లారు. హార్వర్డ్‌లో జరిగిన శిక్షణలో పోలీసు అధికారులు ఆ గదులను పరిశీలించి, చూసింది చూసినట్టు చెప్పాల్సి ఉండేది.

తర్వాతవి వాంగ్మూలాలు. వాచ్‌మన్, ఆయమ్మ, పదో తరగతి కుర్రాడు ఒకే సాయంత్రం గురించి తలా ఒక రకంగా చెబుతారు. ‘నేనేం జూడలే సారూ’ అనే పాలమూరు ఆయమ్మ మాటను పుస్తక భాషలోకి మారిస్తే మనిషే పోతుంది. ఇంకా ఎవరూ అడగకముందే ‘కప్పు నేను తీయలేదు మేడమ్’ అన్న కుర్రాడి స్వభావం ఆ ఒక్క మాటతోనే తెలిసిపోతుంది. జపాన్ రచయిత ర్యూనొసుకె అకుతగావా 1922లో ఒక కథను పూర్తిగా వాంగ్మూలాలతోనే నడిపించాడు. దర్శకుడు కురొసావా 1950లో తీసిన ‘రషోమన్’ సినిమాకు ప్రధాన ఆధారం ఆ కథే.

చివరిది కథ అల్లిక. ఏ ఆధారం ఎప్పుడు బయటపెట్టాలి, ఎవరి నోట చెప్పించాలి అన్నది పిల్లలే తేల్చుకోవాలి. పాఠకుడికి చూపని ఆధారంతో దొంగను పట్టుకోవడం అన్యాయం. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల ఒకటి చదివించి, అందులోని డిటెక్టివ్ యుగంధర్‌కు దొరికిన ప్రతి ఆధారమూ పాఠకుడికి ఎక్కడ కనిపించిందో గుర్తుపెట్టమంటే ఈ సంగతి బాగా బోధపడుతుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. తరగతిలోని ఏ పిల్లనీ పిల్లవాణ్నీ సొంత పేరుతో అనుమానితులను చేయకూడదు. ఆటలో పడ్డ నింద బయట కూడా అంటుకుంటుంది. కల్పిత పాత్రల పేర్లు చీటీలు వేసి పంచాలి. మార్కులు దొంగను పట్టుకున్నందుకు కాదు, రాసినదానికే ఇవ్వాలి. తెలుగు మాస్టార్లు ఈ ఏడాది ఒక్క కథారచన అభ్యాసమైనా ఇలా చేయించి చూడాలి.