సైకిలుకు పెట్టె

2012లో మా చెల్లెలి కూతురు ఎనిమిదో తరగతిలో చేరినప్పుడు కర్ణాటక ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన సైకిలు అది. పల్లె నుంచి పావగడకు దానిమీదే వచ్చి చదివింది. నిరుడు నాగపూరులో ఉద్యోగం వస్తే, సైకిలు లేనిదే పోనంది. ప్రయాణాలకని అమ్మే గట్టి పెట్టె వెలకు ఇట్లాంటి సైకిళ్లు నాలుగైదు వస్తాయి. ఒక్కసారి వాడే వస్తువుకు అంత పెట్టమని బ్యాంకువాణ్ని, నేనెట్లా చెప్పేది? కొత్త సైకిళ్లు వచ్చే అట్టపెట్టెను షాపులో ఊరికే ఇస్తామన్నారు. విమానమైతే అదే మేలు. రైలు బ్రేకువ్యానులో పెట్టె కనిపిస్తే మాత్రం దానిమీద నాలుగు మూటలు పడతాయి. గోనెపట్టా చుట్టి కుడితే సైకిలు సైకిలుగానే కనిపిస్తుంది, నిలబెడతారు. పెడళ్లు విప్పి (ఎడమదానికి మర తిరగేసి ఉంటుంది), హ్యాండిలును ఫ్రేము వారకు తిప్పాం. చెయినుకు మా చెల్లెలు తన చీర తెచ్చి చుట్టింది.

“మంచి చీర గదమ్మా!”

“పిల్లనే పంపిస్తా ఉండాం, చీరదేముందిలే అన్నా.”