యానానికి ఒక్కటే సీటు

ఏమప్పా,

నీ ఉత్తరం మొన్న చేరింది. గోదావరి గాలి గురించి, పులస చేప ధర గురించి మూడు పేజీలు రాసినావు. యానాం ఎన్నికల గురించి నేను అడిగినదానికి మాత్రం ఒకే ఒక్క ముక్క: "మాకుండేది ఒక్క ఎమ్మెల్యే, ఆయన కూర్చునేది యాడనో పుదుచ్చేరిలో, ఇంక రాసేదేముంది?" అని. ఎన్నికల లెక్క చేతికందితే నేను అన్నం మాట కూడా మరిచిపోతానని తెలిసీ ఇట్లా రెచ్చగొడతావా?

ముందు ఇక్కడి కబుర్లు. కేసీ కాలువకు నీళ్లొచ్చినాయి, మీ చిన్నాన్న నారు పోసినాడు. ఆళ్లగడ్డలో మీ మేనమామ ఇంటి పక్క షెడ్డులో శిల్పులు పెద్ద నందిని చెక్కుతున్నారు. రాతి దుమ్మంతా ఇంట్లోకే వస్తోందని అత్త రోజూ గొడవ. నువ్వుంటే సర్దిచెప్పేవాడివని ఆమె నమ్మకం.

ఇప్పుడు నీ యానాం సంగతి. నా లెక్కలో అదొక దీవి. దీవి కాదు కదా అంటావు. నేల లెక్కన కాదు. చుట్టూ ఆంధ్రప్రదేశ్, నడుమ 30 చదరపు కిలోమీటర్ల ఊరు. 2011 లెక్కల్లో జనం 55,626 మంది. పాలించే పుదుచ్చేరి మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల. దడాల రఫేల్ రమణయ్య మనుషులు 1954 జూన్ 13న ఫ్రెంచి వాళ్లను దించి యానాన్ని పట్టుకున్నారు. ఆ నవంబరు 1న పాలన మనకొచ్చింది, చట్టప్రకారం విలీనం 1962 ఆగస్టు 16న. ఆ మరుసటేడు పార్లమెంటు చేసిన చట్టంతో పుదుచ్చేరి శాసనసభ వచ్చింది. నిజంగా దీవులైన అండమాన్‌కు ఇప్పటికీ శాసనసభ లేదు. ఒక్క లోక్‌సభ సీటుంది, దానికీ 1967 దాకా నామినేటెడ్ సభ్యుడే. ఆ లెక్కన యానాం వాళ్లది అదృష్టమే.

సభలో ఎన్నికయ్యే వాళ్లు 30 మంది. పుదుచ్చేరికి 23, కారైకాల్‌కు 5, మాహేకు 1, యానానికి 1. ఒక్కో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినవాడు గెలుస్తాడు, ఐదేళ్ల గడువు. ఇదంతా మనకున్నట్టే. ఒక్కో సభ్యుడి వెనకుండే జనమే వేరు. మన నంద్యాల అసెంబ్లీ సీటులో ఓటర్లు 2 లక్షలు దాటి ఉంటే, యానాంలో 2021 నాటికి సుమారు 37 వేలు. మన ఎమ్మెల్యేను చూడాలంటే మనుషుల్ని పట్టుకోవాలి. మీ ఎమ్మెల్యేకు ఓటర్లలో సగం మంది ముఖాలు తెలిసే ఉంటాయి. తెలిసి తీరాలి కూడా. ఎందుకంటావా? అక్కడ స్థానిక ఎన్నికలు 1968 తర్వాత మళ్లీ 2006లో జరిగినాయి. ఆ పాలకవర్గాల గడువు 2011లో ముగిస్తే పదేళ్లు దాటినా మళ్లీ పెట్టలేదు. కౌన్సిలరే లేనప్పుడు కాలువ పూడిక దగ్గర్నుంచి వీధి దీపం దాకా ఎవరిని అడగాలి? ఆ ఒక్క ఎమ్మెల్యేనే. ఆయన పుదుచ్చేరిలో కూర్చుని చట్టాలు చూడాలా, యానాంలో కుళాయిలు చూడాలా? ఇది అన్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది, ఆయనకూ, మీకూ.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. ఆ 30 మంది కాక కేంద్రం ముగ్గురిని నామినేట్ చేయవచ్చు. పేరుకు ముగ్గురే కదా అంటావేమో. 33 మంది సభలో ముగ్గురంటే ఎంత బరువో 2021 ఫిబ్రవరి 22న బలపరీక్ష నాడు తేలింది. వరుస రాజీనామాలతో, ఒకరి అనర్హతతో సభ 26 మందికి తగ్గింది. అందులో అప్పటి మీ యానాం ఎమ్మెల్యే మల్లాడి కృష్ణారావు రాజీనామా కూడా ఉంది. ముఖ్యమంత్రి నారాయణస్వామి ప్రభుత్వం వైపు స్పీకరుతో కలిపి 12 మంది, ఎదుటి వైపు 14. ప్రభుత్వం పడిపోయింది. ఆ 14లో ముగ్గురు నామినేటెడ్ సభ్యులు. వాళ్లను తీసేస్తే 11 మందే! వాళ్లు ఓటెయ్యవచ్చని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది కాబట్టి చట్టం ప్రకారం తప్పేమీ లేదు. నేను చెప్పేది చట్టం గురించి కాదప్పా. అదే నామినేటెడ్ సభ్యులకు రాష్ట్రపతి ఎన్నికలో ఓటు లేదు, రాజ్యసభ సభ్యుణ్ణి ఎన్నుకునే హక్కూ లేదు. అంత పెద్ద ఎన్నికకు పనికిరాని ఓటు, జనం తెచ్చుకున్న ప్రభుత్వాన్ని దించడానికి ఎట్లా పనికొస్తుంది? ఇందాక చెప్పినట్టు యానానికి సీటు ఒక్కటే. ఎవరూ ఓటెయ్యని వాళ్లకు మూడు. ఆ ముగ్గురినీ సలహాలు చెప్పేవరకే ఉంచాలి, బలపరీక్షలో లెక్కపెట్టకూడదు. నా మాట ఇదే, నువ్వు ఒప్పుకోకపోయినా ఇదే.

"నంద్యాలోడివి, నీకెందుకు ఈ గోల?" అని నవ్వుతున్నావు కదూ? నంద్యాలోణ్ణి కాబట్టే. 1991 ఉప ఎన్నికలో పీవీ నరసింహారావుకు ఇక్కడ 5 లక్షల 80 వేల మెజారిటీ వచ్చింది. ఆ గెలుపులో నా ఓటు ఉన్నా లేకున్నా ఒకటే. 2014లో ఆళ్లగడ్డ ఉప ఎన్నిక ఏకగ్రీవం, మీ మేనమామ వేలికి సిరా కూడా అంటలేదు. మీ యానాంలో 2021 ఏప్రిల్‌లో ఏమైంది? అప్పటికి మూడుసార్లు ముఖ్యమంత్రి చేసిన రంగస్వామి అక్కడ నిలబడితే, గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్ర అభ్యర్థి ఏడు వందల లోపు ఓట్ల తేడాతో ఓడించినాడు. రంగస్వామి ఇంకో సీటులో కూడా నిలబడి గెలిచినాడు కాబట్టి ముఖ్యమంత్రి అయినాడు, అది వేరే సంగతి. ఆ ఏడు వందల లోపు ఓట్లు ఏ రెండు వీధుల్లోనో ఉంటాయి. నువ్వు కాపురముండే వీధి అందులో ఒకటి కావచ్చు.

పుదుచ్చేరి సభలో మాట్లాడేది అరవం, మన తెలుగు ఎవరు వింటారంటావేమో. సభలో అరవమే ఎక్కువ, నిజమే. కానీ 1965 అధికార భాషా చట్టంలోనే యానాం వరకు తెలుగు వాడుకోవచ్చని రాసి ఉంది. అర్జీ తెలుగులో రాసివ్వు, జవాబు తెలుగులో అడుగు. అడగకపోతే ఉన్న హక్కు కూడా కాగితం మీదే ఉండిపోతుంది.

చివరగా ఒక్క పని చెప్తా, వాయిదా వెయ్యొద్దు. నీ ఓటు ఇంకా మన సంజీవనగర్ బూతులోనే ఉంది, మొన్న జాబితాలో నీ పేరు నా కళ్లతో చూసినా. ఉద్యోగం అక్కడ, కాపురం అక్కడ, ఓటు ఇక్కడా? ఫారం 8 నింపి యానానికి మార్పించుకో. మార్పించుకున్నాక నాకొక కార్డు ముక్క రాయి, పులస సంగతి తర్వాత.

నీ నేస్తం,
నంద్యాల