నీలి రకాబీలు

మా యింట ఆరు నీలి రకాబీలుండెడివి. అవి మా నానీకి పుట్టింటి నుండి సంక్రమించినవి. తెల్లని పింగాణిపై నీలివర్ణమున ఒక చెట్టు, వంతెనపై మూడు మానవాకృతులు, ఆకసమున రెండు పక్షులు. అవి చీనా దేశపువని ఆమె విశ్వాసము.

సాలార్జంగ్ మ్యూజియములో ఐరోపా పింగాణిని చూచి వచ్చిన ఉత్సాహముతో మేము ముగ్గురన్నదమ్ములము ఒకనాడు రకాబీని తిరగవేసి చూచితిమి. అడుగున ‘ఇంగ్లండు’ అను ముద్ర! వస్తువుపై దేశము పేరుండవలెనను అమెరికా శాసనము 1891లో అమలులోనికి వచ్చినది; కావున అట్టి ముద్ర గలవి సాధారణముగా ఆ తరువాతివని సంగ్రాహకులు గ్రహింతురు.

చీనా పింగాణి ఖరీదైనదగుటచే ఇంగ్లండు కుమ్మరులు దాని ననుకరించిరి. 1784 ప్రాంతమున స్టోక్ పట్టణమున జోసయా స్పోడ్ ఈ ముద్రణ పద్ధతికి మెరుగులు దిద్దెను. రాగిరేకుపై చెక్కిన బొమ్మను కోబాల్టు నీలితో పలుచని కాగితముపై అచ్చువేసి, కాల్చిన మట్టిపాత్రకు అద్ది, పైన గాజుపూత పూసి మరల కాల్చెడివారు. కొలిమి వేడికి నిలుచు రంగులలో కోబాల్టు ముఖ్యమైనది. ఆ చిత్రమునకు చెప్పు ప్రేమకథ ఇంగ్లండు కల్పనయే. స్పోడ్ వారు మన దేశపు వేట దృశ్యములను సైతము పళ్ళెములపై అచ్చువేసిరి. వాటికి 1807 నాటి విలియమ్‌సన్ గ్రంథములోని చిత్రములు ఆధారము.

ఇంత తెలిసిన మేమే ఒక అపరాధము చేసితిమి. పగుళ్ళలో మరక పట్టిన రకాబీని తెల్లబరుపనెంచి బ్లీచింగు పొడి నీటిలో రాత్రంతయు నానబెట్టితిమి. ఆ ద్రవము పగుళ్ళగుండా లోని మట్టిలో ఇంకి, ఆరినపిదప ఉప్పుగా పేరుకొని, గాజుపూతను పెచ్చులుగా ఊడ్చివేసినది. నానీ మమ్ము కోపగించుకొనలేదు. “దానిని తెల్లగా చేయమని మిమ్మల్ని ఎవరడిగారు బేటా?” అని మాత్రమే అన్నది.

నాటినుండి గోరువెచ్చని నీటితో, మెత్తని గుడ్డతో చేతనే కడుగుచున్నాము. సలసల కాగు పదార్థమును చల్లని పళ్ళెమున వడ్డింపము. ఒకదానిపై నొకటి పేర్చునపుడు నడుమ గుడ్డ పరచెదము. జుమేరాత్ బజారులో మరి రెండు కొంటిమి. వాటి మరకల జోలికి పోలేదు.

నానీ నేడు లేదు. చెడిన రకాబీని మేము పారవేయలేదు. విద్యార్థి మిత్రులారా! పెద్దల సొత్తును మెరుగుపరచుటకు ముందు దానిని తెలిసికొనుట మన ధర్మము.