సింకు కింద ఫిల్టరు

మా అత్తమ్మది నల్గొండ వైపు పల్లె. చిన్నప్పటినుంచీ తాగిన ఫ్లోరైడు నీళ్లకు ఆవిడ మోకాళ్లు ఎప్పుడో వంగిపోయాయి. అందుకే ఫిల్టరు కొనేముందు మా ఇంటి బోరునీళ్లు పరీక్ష చేయించాను. ఫ్లోరైడు లీటరుకు 2 మిల్లీగ్రాములు! 1.5 దాటకూడదు.

"కాచి తాగితే చాలదా?" అన్నారు మావారు.

కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. మామూలు కార్బన్ ఫిల్టరూ దాన్ని ఆపలేదు. చివరికి ఆర్వోనే పెట్టించాం. సింకు కింద పాత డబ్బాలన్నీ తీసి చోటు చేశాను. అది వదిలేసే నీళ్ల పైపు బకెట్లో పెట్టాను, బాత్రూము కడగడానికి. మొదటి ట్యాంకు నీళ్లు పారబోయమన్నాడు బిగించిన అబ్బాయి.

ఆ తర్వాత మొదటి గ్లాసు అత్తమ్మకిచ్చాను.

"నాకెందుకే ఇప్పుడు? ముందుగాల పిల్లకియ్యి" అన్నారు.