మిలిటరీ అల్లుడు వద్దా?

అల్లుడు ఎలాంటివాడు కావాలని అడిగితే మనమంతా ఏమంటాం? గవర్నమెంటు ఉద్యోగం ఉండాలి, చెడు అలవాట్లు ఉండకూడదు, పిల్లను కళ్ల ముందు పెట్టుకుని చూసుకోవాలి అంటాం. మొదటి రెండూ ఉండి, మూడోదానికి మాత్రం పూచీ లేని సంబంధం ఒకటుంది. అది మిలిటరీ ఆఫీసరు సంబంధం. మా ప్రొద్దుటూరులో ఆడబిడ్డ కూతురికి ఈ మధ్య అలాంటిదే వచ్చింది. అబ్బాయిది కర్నూలు, ఆర్మీలో కెప్టెన్. కట్నం ఊసే ఎత్తలేదు. అయినా మా అత్తమ్మ ససేమిరా అంది. "ఇల్లు కనిపెట్టుకునేవాడు కావాల గానీ, సరిహద్దు కనిపెట్టుకునేవాడు మనకెందుకే?" అని ఆమె మాట.

ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కల్నల్ సంతోష్‌బాబు గారి సంసారం మీకు గుర్తుండే ఉంటుంది. ఆయనది సూర్యాపేట. తండ్రి ఉపేందర్ గారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మిలిటరీలో చేరాలన్న తన కోరిక తీరక, కొడుకును విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో ఆరో తరగతిలో చేర్పించారు. ఇంకా పాలబుగ్గలు పోని ఒక్కగానొక్క కొడుకును హాస్టలుకు పంపిన ఆ తల్లి మంజుల గారిని తలుచుకోండి. ఆఫీసరు ఇంట్లో ఎదురుచూపులు అప్పటినుంచే మొదలవుతాయి. అక్కడినుంచి ఎన్.డి.ఏ., 2004లో ఆఫీసరు హోదా, బిహార్ రెజిమెంటు, ఐక్యరాజ్యసమితి తరఫున కాంగో దేశంలో డ్యూటీ. చివరికి తాను చేరిన 16 బిహార్ బెటాలియన్‌కే కమాండింగ్ ఆఫీసరయ్యారు.

2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. తుపాకీ పేలలేదు. రాళ్లతో, ఇనుప కడ్డీలతో కొట్టుకున్నారు. మనవాళ్లు 20 మంది పోయారు. వారిలో సంతోష్‌బాబు గారు ఒకరు. వయసు 37. భార్య సంతోషి గారు అప్పుడు ఇద్దరు చిన్నపిల్లలతో ఢిల్లీలో ఉన్నారు. ఆయనకు హైదరాబాదు బదిలీ అవుతుందని ఇంట్లోవాళ్లు ఆశపడుతున్న రోజులవి.

ఇదంతా చదివి "చూశావా, నేను చెప్పలా!" అంటుంది మా అత్తమ్మ. కానీ ఆ తర్వాతి సంగతి కూడా చూడాలి కదా. 2020 జూలైలో తెలంగాణ ప్రభుత్వం సంతోషి గారిని డిప్యూటీ కలెక్టరుగా నియమించింది. 2021 నవంబరులో ఆయనకు వచ్చిన మహావీర చక్రను రాష్ట్రపతి చేతుల మీదుగా అత్తాకోడళ్లిద్దరూ కలిసి అందుకున్నారు. డిప్యూటీ కలెక్టరంటే గ్రూప్-1 ఉద్యోగం, దానికి కనీసం డిగ్రీ ఉండాలి. ప్రభుత్వం ఇస్తానన్నా, అందుకోవడానికి చేతిలో చదువుండాలి కదండీ!

అయినా చావు ఒక్కటే కాదు మిలిటరీ సంసారంలో కష్టం. అది అందరికీ రాదు. అందరికీ వచ్చేది ఎడబాటు. ఫీల్డు పోస్టింగు వస్తే భార్యాపిల్లలను వెంట తీసుకుపోనివ్వరు. పీస్ స్టేషనైతే క్వార్టరు ఇస్తారు. రెండు మూడేళ్లకోసారి ట్రంకు పెట్టెలు సర్దుకోవాల. పిల్లలకు కొత్త స్కూలు, కొత్త స్నేహాలు. ఫీజులూ, జ్వరాలూ, అత్తగారి షుగరు మాత్రలూ అన్నీ ఆమెవే.

ఇదేమన్నా మనకు కొత్తా? మన కడప జిల్లాలో కువైట్‌కు పోయిన మగవాళ్ల ఇళ్లు ఎన్ని లేవు! రెండేళ్లకోసారి వచ్చే మొగుడి సంసారాన్ని మన ఆడవాళ్లే ఈడ్చుకొస్తున్నారు. కువైట్ సంబంధానికి సంచి పట్టుకుని బయల్దేరే మనం, మిలిటరీ అనేసరికి తలుపు మూసేస్తామా? ఈ మాట అత్తమ్మతో అంటే ఆమె ఊరుకుంది. ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

పిల్ల ఎమ్మెస్సీ చదివింది. "అత్తా, ఆయన దగ్గర లేని రోజుల్లో నేనేం చేస్తానో తేలితే చాలు. మిగతాది నేను చూసుకుంటా" అంది. నాకు ఆ మాట నచ్చింది.

మీ ఇంటికీ ఇలాంటి సంబంధం వస్తే జీతమెంత అని అడిగి ఊరుకోకండి. ఫీల్డు పోస్టింగు రోజుల్లో అమ్మాయి ఎక్కడుంటుంది? చదువో, ఉద్యోగమో ఆగకుండా సాగుతుందా? బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉంటుందా? ఇన్సూరెన్సు కాగితాల్లో నామినీ ఎవరు? ఇవి అడిగితే అపశకునమేమీ కాదు. బుద్ధిమంతుడైన ఆఫీసరు సంతోషంగానే జవాబు చెబుతాడు. అన్నిటికంటే ముందు అమ్మాయిని అడగండి.

ఇంకో మాట. 2022 నుంచి ఎన్.డి.ఏ.లో ఆడపిల్లలనూ చేర్చుకుంటున్నారు. 2025లో మొదటి జట్టు 17 మంది అక్కడి శిక్షణ ముగించారు. మన సీమలోని కలికిరి సైనిక్ స్కూల్లోనూ అమ్మాయిలకు సీట్లున్నాయి. రేపు మన పిల్లే ఆఫీసరైతే, అప్పుడు వెతుకుదాం లెండి, ఇల్లు కనిపెట్టుకుని ఉండే అల్లుణ్ణి!